బండి ఖాళీ అయ్యేదాకా

ఇల్లు వెతకడంలో మా అన్నయ్య పద్ధతే వేరు. బ్రోకరు లోపల గదులూ కుళాయిలూ చూపిస్తుంటే, ఈయన వీధిలోనే నిలబడి ఇరుగుపొరుగు గుమ్మాల ముందు చెప్పులు చూసేవాడు. చిన్న చెప్పుల జత ఒక్కటి కనిపిస్తే చాలు, "ఇది కాదులే, పదండి" అనేవాడు. దండెం మీద బుల్లి లాగులు ఆరేసి ఉన్నా అంతే. గోడ మీద నడుమెత్తులో సుద్దముక్క గీతలున్నా అంతే. ఒక ఇల్లు నాకు బాగా నచ్చింది. వంటగదిలోకి ఎండ వస్తోంది. అన్నయ్య మాత్రం ఎదురింటి గేటు చూసి తల అడ్డంగా ఊపాడు. కింది కమ్మీకి మధ్యలో రంగు పోయింది. అయితే ఏమిటని అడిగాను.

"ఎక్కి ఊగుతారు" అన్నాడు.

బ్రోకరుకి తలప్రాణం తోకకొచ్చింది. "అందరూ స్కూలు దగ్గర్లో కావాలంటారు సార్. మీరేంటి, స్కూలుందంటే పారిపోతారు?" అని అడిగాడు. "మాకు చదువబ్బలేదు నాయనా, అందుకే" అన్నాను నేను. ఆ తర్వాత అతను నాతో మాట్లాడటం మానేశాడు.

అన్నయ్య స్కూలు వ్యాను డ్రైవరుగా చేసి మానేసినవాడు. ఏ ఇంట్లో పిల్లలున్నారో కనిపెట్టడం ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. బతుకంతా పిల్లలున్న గుమ్మాల ముందు బండి ఆపినవాడు, ఇప్పుడు లేని గుమ్మాల కోసం కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు. ఇదంతా వదిన కోసం.

వదిన అదే వ్యానులో ఆయాగా చేసింది. ముందు సీట్లో ఆయన, తలుపు దగ్గర ఆవిడ. బండిలో ఉన్నంతసేపు మొగుడూ పెళ్లాం ఒకరినొకరు "డ్రైవరుగారూ", "ఆయమ్మా" అనే పిలుచుకునేవాళ్లు. పిల్లల ముందు పద్ధతిగా ఉండాలని వదిన పెట్టిన రూలు అది. ఇంకో రూలు కూడా ఉంది. ఇంటి ముందు బండి ఆగితే పిల్లని దించేసి చెయ్యి ఊపే రకం కాదు ఆవిడ. లోపలి నుంచి పెద్దవాళ్లెవరైనా వచ్చి పిల్ల చెయ్యి అందుకునేదాకా తను పట్టుకున్న చెయ్యి వదిలేది కాదు. ఎవరూ రాకపోతే ఆ పిల్ల మళ్లీ బండెక్కేది. చివరికి వీళ్లింటికొచ్చి, తల్లో తండ్రో వచ్చేదాకా వీళ్లింట్లోనే కూర్చునేది. భుజాన పిన్నుతో తగిలించుకున్న చేతిరుమాలుతో వదిన దాని ముక్కు తుడిచేది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను దర్జీని. మా ఆయన పోయాక, నాలుగు రోజులుండి పోదామని వీళ్లింటికొచ్చాను. కుట్టుమిషను కూడా వెంట తెచ్చుకున్నానంటే, నాలుగు రోజుల మాట వట్టిదేనని వదినకి ఆ పూటే అర్థమై ఉంటుంది. కిటికీ దగ్గరున్న బల్ల పక్కకి జరిపి మిషనుకి చోటు చేసింది. నాకు సూది అని పేరు పెట్టింది కూడా ఆవిడే. నేను చేసే పని చూసి పెట్టిందని అందరూ అనుకుంటారు. నిజానికి నా నోరు చూసి పెట్టింది. నాకు పిల్లల్లేరు, వాళ్లకీ లేరు. ముగ్గురికీ ముగ్గురమే.

వదినకి మతిమరుపు జబ్బు మెల్లగా వచ్చింది. ముందు గ్యాసు కట్టడం మరిచిపోయింది, తర్వాత దారి, తర్వాత నా పేరు. చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. ఒకరోజు మేమున్న ఇంటి కింది కొట్టు ముందు, తల్లి సరుకులు తీసుకునే లోపల, పక్కన నిలబడ్డ పిల్ల చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. తల్లి గుండెలు బాదుకుంటూ వీధులన్నీ వెతికింది. మేము వెళ్లేసరికి వదిన ఎవరింటి తలుపో తడుతూ, "ఈ పాప మీ పాపేనా?" అని అడుగుతోంది. పిల్ల హాయిగా బిస్కెట్టు తింటోంది. సంగతి పోలీసు స్టేషను దాకా వెళ్లింది. ఆ తల్లి మంచిది కాబట్టి వదిలేసింది. మరోసారి జరిగితే కేసు రాయక తప్పదని స్టేషనులో గట్టిగా చెప్పారు. డాక్టరు కూడా అదే మాట ఇంకోలా చెప్పాడు. పిల్లలు తక్కువగా ఉండే ప్రశాంతమైన వీధి చూసుకోండి, బండ్లు తిరగని చోటైతే మరీ మంచిది అన్నాడు.

చివరికి అలాంటి వీధి దొరికింది. పెద్దరోడ్డు నుంచి బాగా లోపలికి ఉంటుంది. చివర గోడ, అవతలికి దారి లేదు, అందుకని దారినపోయే బండ్లు రావు. మొదట్లో ఇనప గేటు, వాచ్‌మన్ కుర్చీ. అన్నీ మెట్లు లేని ఇళ్లు, గుమ్మాల పక్కన పట్టుకోవడానికి గొట్టాలు. ఉన్నవాళ్లంతా ఉద్యోగాలు చేసి మానేసినవాళ్లు. వీధికి పెద్ద, బ్యాంకులో చేసి రిటైరైన ఆయన. అందరూ బ్యాంకుగారు అంటారు. "ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందమ్మా. పిల్లలున్నవాళ్లకి అద్దెకివ్వం. మనవలు వచ్చినా ఒకటి రెండు పూటలే" అని గర్వంగా చెప్పాడు. అన్నయ్య వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా గుమ్మాలన్నీ చూసుకుంటూ వెళ్లి, తిరిగొచ్చి, "ఇదే" అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన మొహం తేటపడింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. వదిన కిటికీ దగ్గర కూర్చునేది, నేను పక్కనే మిషను తొక్కుకునేదాన్ని. గేటు దాటిపోతుందేమోనని కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసే పని తప్పింది. అన్నయ్య మధ్యాహ్నం పూట కునుకు తీయడం కూడా నేర్చుకున్నాడు.

అప్పుడు బ్యాంకుగారు వచ్చి, నొచ్చుకుంటూనే ఒక మాట అడిగాడు. భోజనాలయ్యాక వీధంతా కాసేపు పడుకుంటారని, మా మిషను చప్పుడు నాలుగిళ్లకి వినిపిస్తోందని, ఆ కాసేపూ ఆపితే బాగుంటుందని. న్యాయమైన మాటే. అయినా నాకు ఒళ్లు మండింది. సరేనని మిషను మీద గుడ్డ కప్పాను.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఫ్యాను కూడా ఆ రోజే బాగా తిరగాలా, కిర్రుమనైనా అనలేదు. వదిన కుర్చీలోంచి లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి మంచం కింద చూసింది.

"ఏం పోయింది వదినా?"

"ఉండు" అంది. బీరువా తెరిచి మడతపెట్టిన దుప్పట్లు ఎత్తి చూసింది. తలుపు వెనక చూసింది. స్నానాలగదిలో బకెట్టు జరిపి చూసింది. ఇటు తిరిగింది. ఆవిడ మొహంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు.

"ఎవరో ఉండిపోయారు" అంది.

అది మొదలు రోజూ అదే. మా ఇంట్లో గదులు సరిపోక పక్కిళ్లకి కూడా పోయేది. పక్కింటి పంతులమ్మ కునుకు తీస్తుంటే లోపలికెళ్లి ఆవిడ మంచం కింద చెయ్యి పెట్టింది. పంతులమ్మ లేచి వేసిన కేకకి వీధి వీధంతా లేచింది. ఇంకోరోజు ఎవరిదో కారు డిక్కీ తెరిచి చూసింది. చివరికి ఒక మధ్యాహ్నం నీళ్ల సంపు మూత సగం ఎత్తి లోపలికి వంగుతుంటే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆ మూత బరువు చూస్తే నేనెత్తలేను. ఆవిడ ఎలా ఎత్తిందో తెలియదు.

సాయంత్రం బ్యాంకుగారు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. అయ్యుంటే నాకు సుఖంగా ఉండేది, నోటికి పని దొరికేది. "భద్రంగా ఉంటుందనే కదమ్మా అందరం ఇక్కడికొచ్చాం. ఆవిడ సంపులో పడుంటే ఏమయ్యేది? నాకు తెలిసినవాళ్ల హోమ్ ఉంది. ఇలాంటివాళ్లని చూసుకోవడానికి మనుషులుంటారు. తలుపులకి తాళాలుంటాయి. ఒకసారి వచ్చి చూడమని చెప్తాను" అన్నాడు. అక్కడ మేమూ ఉండొచ్చా అని అడిగాడు అన్నయ్య. కుదరదట. ఆదివారాలు వచ్చి చూసి పోవచ్చట.

ఆయన వెళ్లాక టీ పెట్టాను. అన్నయ్య ముట్టుకోలేదు.

"గోల ఉన్నంతసేపు మీ వదిన పట్టించుకునేది కాదే" అన్నాడు. "బండిలో చెవులు చిల్లులు పడేలా అరిచేవాళ్లు. నేను విసుక్కుంటే, అరవనివ్వండి డ్రైవరుగారూ, అరుస్తున్నారంటే బాగున్నట్టేగా అనేది. గోల ఆగితే మాత్రం లేచేది. చిన్నపిల్లలు వెనక సీటు కింద సంచీ తలకింద పెట్టుకుని నిద్రపోతారు, కనపడరు. ఎక్కడో వేరే బడి వ్యానులో అలాగే ఒక పిల్లాణ్ణి చూసుకోకుండా తాళం వేసి పోయారని విన్నాం, ఎండాకాలంలో. ఆ రోజు తను అన్నం తినలేదు. ఆ తర్వాత నుంచి రోజూ అందరూ దిగాక చివరి దాకా నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి సీటు కిందా చెయ్యి పెట్టి చూసి, బండి టాపు మీద రెండుసార్లు కొట్టి 'బండి ఖాళీ' అనేది. ఆ చప్పుడు వినపడందే నేను తాళం తియ్యకూడదు, దిగకూడదు."

టీ కప్పు పక్కకి నెట్టాడు. "పిల్లల గోల లేకపోతే తను కుదుటపడుతుందనుకున్నాను. ఎంత బుద్ధితక్కువ పని చేశానో చూడు. గోల ఆగిపోయిన బండిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను" అన్నాడు.

పిల్లలున్న వీధికి తిరిగి పోదామంటే పోలీసు స్టేషను. ఇక్కడ ఉందామంటే సంపు. రెండూ కాదంటే తాళాలేసే హోమ్. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెలియక గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను.

మర్నాడు అన్నయ్య రేడియోలో పిల్లల కార్యక్రమం పెట్టి చూశాడు. వదిన ఒక్క నిమిషం విని, "వీళ్లు మన పిల్లలు కారు" అంది. ఆవిడ వెతుకుతూ ఉండగానే ఆయన గోడ మీద రెండుసార్లు కొట్టి "బండి ఖాళీ" అన్నాడు. వదిన గిరుక్కున తిరిగింది. "చూడకుండా కొడతారా డ్రైవరుగారూ? పిల్ల లోపలుంటే ఎవరు చెప్తారు వాళ్లమ్మకి?" అంది. ఆ పిలుపు వినబడి ఎన్నేళ్లయిందో. అన్నయ్య వాకిట్లోకి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

హోమ్ నుంచి మేనేజరమ్మ వచ్చింది, బ్యాంకుగారిని వెంటబెట్టుకుని. మర్యాద తెలిసిన మనిషి. వదిన పక్కన కూర్చుని చెయ్యి నిమురుతూ ఏవేవో అడిగింది. వదిన చెవులు వీధి వైపే ఉన్నాయి. భోజనాల వేళ దాటింది, వీధి సద్దుమణిగింది. వదిన లేచి వెళ్లి ముందుగది బీరువా తెరిచింది.

"రోజూ ఇంతేనా?" అని అడిగింది మేనేజరమ్మ.

"ఇంతేనండి" అన్నాడు అన్నయ్య.

"అయితే ఆలస్యం చెయ్యకండి. ఈరోజే తీసుకెళ్తాం. రెండు మూడు జతలు బట్టలు పెట్టండి చాలు."

అన్నయ్య నా వంక చూడకుండానే, "బట్టలు సర్దు సూదీ" అన్నాడు.

వెనకగదిలోకి వెళ్లి వదిన బట్టలు మంచం మీదికి తీశాను. గుండీలు పెట్టుకోలేకపోతోందని అన్నిటికీ నేనే టిచ్ బటన్లు మార్చి కుట్టాను. కుడిచెయ్యి సరిగా లేవడం లేదని ఆ వైపు చంక కాస్త వదులు చేశాను. అక్కడివాళ్లకి ఇదంతా ఎవరు చెప్తారు? ఏ చెయ్యి ముందు దూర్చాలో కూడా వాళ్లకి తెలియదు. భుజాన తగిలించే చేతిరుమాలు మడతపెడుతుంటే ఇంక నా వల్ల కాలేదు. ఏడిస్తే ముందుగదిలోకి వినిపిస్తుంది, ఆ వీధిలో ఏదైనా వినిపిస్తుంది. మంచానికీ గోడకీ మధ్య సందులో కింద కూలబడి, రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆవిడ వెళ్లిపోతే అన్నయ్య ఉంటాడు, ఇల్లుంటుంది, మిషనుంటుంది. కానీ వీళ్లింట్లో నాకు చోటు చేసింది ఆవిడ. ఆవిడ లేని ఇల్లు నాకేమవుతుందో తెలియలేదు.

వంటగదిలో డబ్బాలు జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు. తర్వాత అడుగులు నేనున్న గదిలోకి వచ్చాయి. మంచం అవతలి వైపు వదిన మోకాళ్ల మీద కూర్చుంది. కింద నుంచి ఒక చెయ్యి నేల తడుముకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. అక్కడే ఆగిపోయింది. మెల్లగా చీలమండ పట్టుకుంది.

"ఇక్కడున్నావా" అంది.

లేచి చుట్టూ తిరిగొచ్చింది. నా ముందు వంగి, నోట్లోంచి రుమాలు లాగి, దాంతోనే నా కళ్లూ ముక్కూ తుడిచింది.

"నిద్రపోయావా తల్లీ? లేచేసరికి ఎవరూ లేరా? ఏడవకు. నిన్ను మరిచిపోలేదు. ఒక్కో సీటే చూసుకుంటూ వస్తున్నా, అందుకే ఆలస్యమైంది."

అరవై దాటినదాన్ని. జుట్టంతా తెల్లబడింది. నా నోటికి జడిసి బ్రోకర్లు పారిపోతారు. అయినా ఆవిడ చెయ్యి ఇచ్చింది, పట్టుకుని లేచాను.

ముందుగదిలోకి నడిపించుకెళ్లింది. "డ్రైవరుగారూ, ఒక పిల్ల ఉండిపోయింది" అంది. అన్నయ్య నన్ను చూశాడు, మా చేతులు చూశాడు. వదిన మేనేజరమ్మ వైపు తిరిగి, "మీరు ఈ పిల్ల తాలూకానా?" అని అడిగింది.

"కాదమ్మా."

బ్యాంకుగారిని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వదిన నన్ను తన వెనక్కి లాక్కుంది. "అయితే మీ చేతికివ్వను. ఏమనుకోకండి, అది మా రూలు" అంది. తర్వాత నా మొహంలోకి వంగి చూసింది. "మీ ఇంట్లో ఎవరున్నారమ్మా?"

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. ఆ చెయ్యి పట్టుకుని అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"ఎవరూ లేరు" అన్నాను.

వదిన ఆలోచించింది. నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "పోనీలే. మా ఇంటికి పోదాం. మా దగ్గరే ఉందువుగాని. డ్రైవరుగారు ఏమీ అనరు, మంచాయన."

ఖాళీగా ఉన్న చేత్తో గుమ్మం మీద రెండుసార్లు కొట్టింది. "బండి ఖాళీ" అంది.

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. "సరే ఆయమ్మా. దిగుతున్నా" అన్నాడు.

వదిన కిటికీ దగ్గర కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మొహంలో ఆ భయం లేదు. చూస్తుండగానే తల వాల్చి నిద్రపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

మేనేజరమ్మ చాలాసేపు అలాగే చూసింది. "మా దగ్గర ఇలా వెతికేవాళ్లని గదిలో పెట్టి తలుపు వేస్తామండి. అంతకంటే మాకు చేతకాదు. ఆవిడని ఇక్కడే ఉండనివ్వండి" అని బ్యాంకుగారితో చెప్పి లేచింది.

బ్యాంకుగారు గుమ్మంలో ఆగాడు. "ఈరోజు సరేనమ్మా. మరి రేపు?" అన్నాడు నాతో.

"రేపు కూడా నేను ఉండిపోతాను లెండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సంపు మూతకి తాళం వేయిస్తాను" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు రోజూ భోజనాలయ్యాక మిషను మీద గుడ్డ కప్పి, వెనకగదిలోకి వెళ్లి, మంచానికీ గోడకీ మధ్య కూర్చుంటాను. అన్నయ్య వీధి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. రెండు చప్పుళ్లూ వినపడేదాకా లేవడు. వదిన బీరువా తెరుస్తుంది, డబ్బాలు జరుపుతుంది, తలుపు వెనక చూస్తుంది. నన్ను కనుక్కుంటుంది. మీ ఇంట్లో ఎవరున్నారమ్మా అని అడుగుతుంది, ఎవరూ లేరంటాను. రోజూ నన్ను కొత్తగా ఇంటికి తెచ్చుకుంటుంది. పక్కిళ్ల జోలికి మళ్లీ పోలేదు. పంతులమ్మ కూడా ఇప్పుడు నిశ్చింతగా పడుకుంటోంది.

జబ్బు తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు. వెతకడం కూడా మరిచిపోయే రోజు వస్తుందన్నాడు. ఆ సంగతి అన్నయ్యా నేనూ మాట్లాడుకోం.

మొదట్లో అడుగుల చప్పుడు వినగానే కళ్లు మూసుకుని నిద్ర నటించేదాన్ని. ఈమధ్య ఆ మూల కూర్చుంటే నిజంగానే నిద్ర పట్టేస్తోంది. కాలి మీద ఆవిడ చెయ్యి పడితేగాని మెలకువ రావడం లేదు.